వెనకగదిలో దాచిన చాక్లెట్

పోయిన వేసవిలో నేను ఒక మంచి చాక్లెట్ కోసం చెన్నై అంతా తిరిగాను. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బంగారు రంగు డబ్బా, దానికో వెల్వెట్ రిబ్బను, రిబ్బను విప్పితే పల్చటి కాగితం, కాగితం తీస్తే ప్లాస్టిక్ గుంటల్లో అక్కడొకటి ఇక్కడొకటి గోలీకాయలంత ఉండలు. పైన పటారం, లోన లొటారం. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే ఊరిది, వంకాయను తిప్పి తిప్పి పుచ్చు వెతికే ఊరిది. అలాంటి ఊళ్లో ఇంత ధర పోసి ఈ డబ్బాలను జనం నోరెత్తకుండా ఎలా కొంటున్నారో నాకు అర్థం కాలేదు.

మాది జార్జి టౌన్‌లో ఇంగువ వ్యాపారం. ముందు అంగడి, వెనక సరుకు గది, పైన ఇల్లు. మావారి తాతల నాటి నుంచీ అదే సందు, అదే సరుకు. మా వీధిలో మచ్చు చూపించకుండా ఎవరూ అమ్మరు, మచ్చు చూడకుండా ఎవరూ కొనరు. ముద్ద ఇంగువలో చిన్న పిసరు గిల్లి నీళ్లలో వేస్తే నీళ్లు పాలలా తెల్లబడాలి. కొనేవాడు గిల్లుతాడు, నలుపుతాడు, వాసన చూస్తాడు, పెదవి విరుస్తాడు, బేరం ఆ తర్వాతే. ఆ వీధికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటిన నన్ను, ఒక ఏసీ అంగడిలో అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, "టేస్టింగ్ లేదు మేడమ్" అంది. తినే వస్తువు రుచి చూడకూడదట, డబ్బా అందం చూసి కొనాలట.

అసలు నాకు చాక్లెట్‌తో ఏం పని? అదంతా మా అమ్మాయి కోసం. గిండీ దగ్గర ఒక కంప్యూటర్ కంపెనీలో చేరింది, ఆ వేసవిలోనే ఉద్యోగం పర్మనెంటయింది. పర్మనెంటయినవాళ్లు తమతో పనిచేసేవాళ్లకు ఏదైనా తీపి పంచడం అక్కడి ఆనవాయితీ. నేను బాదుషా చేసిస్తానన్నాను. మా బాదుషాకు మా బంధువుల్లో మంచి పేరుంది.

"ఇంట్లో చేసింది ఏదీ వద్దు మా," అంది వెంటనే. "మంచి చాక్లెట్ కొనియ్యి. సీలు తియ్యని డబ్బా. అది చాలు."

ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు. రెండో క్లాసులో ఉన్నప్పుడు పుట్టినరోజుకు పట్టుపావడా కట్టుకుని, టాఫీల డబ్బా పట్టుకుని బడికి వెళ్లింది. ముందు బెంచీలో ఒక పిల్ల టాఫీ తీసుకుని, వాసన చూసి, మళ్లీ డబ్బాలో పడేసింది. ఆ పిల్లను చూసి పక్కపిల్ల, పక్కపిల్లను చూసి వెనకపిల్ల. డబ్బా నిండుగానే ఇంటికి తిరిగి వచ్చింది. ఆ రోజు నుంచి బడిలో మా అమ్మాయి పేరు 'పెరుంగాయం'. తమిళంలో ఇంగువను అలాగే అంటారు. బడి వదిలే దాకా ఆ పేరు పోలేదు. ఆ తర్వాత తను ఎవరికీ చేత్తో ఒక చిన్న తినుబండారం ఇవ్వగా నేను చూడలేదు. కాలేజీకొచ్చాక మంచి బట్టలన్నీ పురసవాక్కంలో మా అమ్మ ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడైతే పనిరోజుల్లో మకామే అక్కడ. అడిగితే, ఆఫీసుకు అక్కడినుంచి సులువంటుంది.

ఈసారి నా బిడ్డ చేతిలోంచి తీసుకున్నదాన్ని ఎవరూ వెనక్కి పెట్టకూడదు. నాకు కావలసింది అదొక్కటే. దానికోసం ఎంత ఖర్చయినా పెట్టడానికి నేను సిద్ధం. కానీ పెట్టిన డబ్బుకు సరుకు రావాలి కదా!

ఆ ఏసీ అంగడిలో డబ్బా తిరగేసి చూశాను. అడుగున చీమ తలకాయంత అక్షరాలు. మొదట చక్కెర, ఆ తర్వాత వెజిటబుల్ ఫ్యాట్, ఆ తర్వాత పాలపొడి, కోకో ఎక్కడో తోకలో ఉంది.

"ఇది చాక్లెట్ కాదు, కాంపౌండ్," అన్నాను.

"అన్నీ ఒకటే మేడమ్. ఇది గిఫ్టుకు బాగా పోతుంది," అంది.

కాంపౌండ్ అంటే ఏమిటో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. మేం అమ్మేదాంట్లో సగం అదే. ముద్ద ఇంగువ ఘాటుకు వంటింట్లో ఎవరూ ఆగలేరు, అందుకని పిండీ జిగురూ కలిపి అమ్ముతాం. కానీ కలిపిన ఇంగువ అని డబ్బా ముందు వైపునే వేస్తాం. ముద్ద ధర ముద్దదే, కలిపినదాని ధర కలిపినదే. వీళ్లు నూనె ముద్దకు కోకో రంగు పూసి, దానికి బంగారు కాగితం చుట్టి, మనం పండక్కి ఎవరికిస్తామో వాళ్లు తింటార్లే అన్న ధైర్యంతో అమ్ముతున్నారు. కొన్నవాడు తినడు, తిన్నవాడు కొనలేదు. ఇక అడిగేదెవరు? ఈ వ్యాపారం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అయినా మచ్చుకని చిన్న డబ్బా ఒకటి కొని ఇంటికి తెచ్చాను. మావారు అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఒక ఉండ తీసుకుని, ఇంగువ నలిపినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపారు. అవి మే నెల కత్తిరి ఎండలు. ఫ్యాను వేడి గాలి కొడుతోంది, మేమిద్దరం కరిగి కారిపోతున్నాం. ఉండ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏమ్మే, ఇది కరగతా లేదే! నోట్లో ఏసుకుంటే మటుకు ఎట్ల కరగతాది?" అన్నారు.

నోట్లో వేసుకుంటే మైనం నమిలినట్టు అంగిట్లో అంటుకుపోయింది. ఆయన వెళ్లి మళ్లీ నోరు కడుక్కుని వచ్చారు.

పురసవాక్కంలో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో ఫారిన్ చాక్లెట్లు ఉన్నాయంటే అక్కడికీ వెళ్లాను. పేరు పలకడానికి నోరు తిరగని చాక్లెట్. తయారైన తేదీ మీద ఇంకో కాగితం అంటించి ఉంది. గోటితో గీకబోతే అంగడాయన, "అట్లా చెయ్యకూడదమ్మా" అని కసిరాడు. తేదీ దాచినవాడిది తప్పు కాదు, వెతికినదానిది తప్పు. పంతానికి అదీ కొన్నాను. విప్పితే పైన తెల్లగా బూడిద పట్టినట్టుంది. ఎప్పుడో ఓడలో కరిగి, ఇక్కడ ఫ్రిజ్‌లో గడ్డకట్టి, మళ్లీ కరిగి, మళ్లీ గడ్డకట్టిన సరుకది. వెనక్కి పట్టుకెళితే, "ఫారిన్ది అట్లానే ఉంటాదమ్మా" అన్నాడు. ఫారిన్ మనుషులకు నాలుక లేదనుకున్నాడో, నాకు లేదనుకున్నాడో!

మంచిది చివరికి నా ముక్కే పట్టించింది. నుంగంబాక్కంలో బంధువులింటికి ఆటోలో పోతుంటే ఒక సందు మొదట్లో గింజలు వేయించే వాసన వచ్చింది. కాఫీగింజల వాసన కాదు, దానికన్నా మెత్తగా, కొంచెం పులుపుగా ఉంది. ఆటో ఆపించి దిగాను. చిన్న అంగడి. వెనక వేయించేదీ రుబ్బేదీ కనబడుతూనే ఉన్నాయి. నడిపేది ముప్ఫై ఏళ్లైనా ఉండని తమిళమ్మాయి. పొల్లాచ్చి తోటల నుంచి గింజలు తెప్పించుకుని అక్కడే చేస్తుందట.

"మచ్చు చూపిస్తావా?" అని తమిళంలో కొంచెం పోట్లాట గొంతుతోనే అడిగాను. అప్పటికి అలా అలవాటైపోయింది.

"తీసుకోండి ఆంటీ, రుచి చూడకుండా ఎలా కొంటారు?" అని స్టీలు ప్లేటులో నాలుగు రకాల ముక్కలు పెట్టింది. ఆ ఒక్క మాటకు నాకు ఆ పిల్ల మీద అభిమానం పుట్టుకొచ్చింది.

ముక్క విరిస్తే ఠప్పుమంది. నాలుక మీద పెట్టుకుంటే నమిలే పని లేకుండానే నెయ్యిలా కరిగింది. మొదట చేదు, చేదు వెనక ఎండుద్రాక్ష లాంటి పులుపు, అన్నిటికన్నా చివర తీపి. మింగాక కూడా కాసేపు నోట్లో ఉంది. ధర అడిగితే గుండె ఆగినంత పనైంది. ఒక్క డబ్బా ధరకు రెండు కిలోల జీడిపప్పు వస్తుంది. కానీ మా మామగారు ఒక మాట అనేవారు, మంచి సరుకు ధర వింటే భయం వెయ్యాల, వాడి చూస్తే ఆ భయం పోవాల అని. నా భయం పోయింది. పెద్ద డబ్బా కట్టించాను, అట్టపెట్టె మీద కాగితం సీలు వేయించాను.

"ఫ్రిజ్‌లో వద్దు ఆంటీ. చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి," అని జాగ్రత్త చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వెనకగదిలో పెడదాం. మన ఇంట్లో అంత చల్లటి చోటు ఇంక యాడుండాది?" అన్నారు.

నిజమే. సరుకు గదికి గోడలు మూరెడు మందం, కింద బండలు, కిటికీ లేదు. కత్తిరి ఎండల్లో కూడా అందులో అడుగుపెడితే పాదాలు చల్లబడతాయి. దూరదేశం నుంచి వచ్చిన ముద్ద ఇంగువ తోలుసంచుల్లో అక్కడే ఉంటుంది. చెప్పులేసుకుని ఎవరినీ లోపలికి రానివ్వరు, సాయంత్రం దీపం పెట్టకుండా తలుపు మూయరు. ఆయన అరుగు మీద ఒక సంచీ పక్కకు జరిపి, ఆ చోటు తుడిచి, చాక్లెట్ డబ్బాను అక్కడ పెట్టారు. మా ఇంట్లో ఒక వస్తువుకు అంతకన్నా పెద్ద మర్యాద లేదు.

వారాంతానికి అమ్మాయి వచ్చింది. డబ్బా చూసి మురిసిపోయింది. "సూపర్‌గా ఉంది మా," అని నా బుగ్గ గిల్లి, ఆదివారం మధ్యాహ్నం దాన్ని సంచిలో పెట్టుకుని పురసవాక్కం వెళ్లిపోయింది. సాయంత్రం ఫోను చేసింది.

"అమ్మా, ఒకటి తిని చూద్దామని తెరిచినా. వాసన వస్తా ఉండాది. ఇది ఇయ్యలేను."

"ఏం వాసన?"

"విడు మా. నేను వేరే ఏదన్నా చూసుకుంటా," అని పెట్టేసింది.

ఇంకేముంది! ఆ నుంగంబాక్కం పిల్ల కూడా మోసం చేసిందన్నమాట. మచ్చుకు ఒకటి పెట్టి, డబ్బాలో ఇంకోటి కట్టింది. మా వీధిలో ఎవడైనా ఆ పని చేస్తే మర్నాటి నుంచి వాడి గడప తొక్కేవాడుండడు. పొద్దున్నే పురసవాక్కం వెళ్లాను. అమ్మాయి అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయింది. మా అమ్మ డబ్బా తెచ్చి, నా మొహం వైపు చూడకుండా చేతికిచ్చింది.

"ఏం వాసనమ్మా ఇది?" అన్నాను.

"నాకేం తెలస్తాది, జలుబు చేసుండాది," అంది మా అమ్మ. తుమ్మూ లేదు, దగ్గూ లేదు. అప్పుడైనా నాకు వెలగాల్సింది, కోపంలో ఏం వెలుగుతుంది?

నుంగంబాక్కం వెళ్లేసరికి అంగడిలో ఇంకెవరో కొనుక్కుంటున్నారు. వాళ్లు వినాలనే గట్టిగా మొదలుపెట్టాను. నమ్మి వస్తే పాత సరుకు అంటగడతావా, చదువుకున్నదానివి, ఆడపిల్లవి, ఇంత ధర తీసుకుని ఇదేం పని అని దులిపేశాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి డబ్బా అందుకుంది. డబ్బాలోంచి ఒకటి తీసి విరిచి వాసన చూసింది. తినలేదు. అలమారలోంచి అదే రకం ఇంకోటి తెచ్చి విరిచి, రెండూ నా ముక్కు దగ్గర పెట్టింది.

"తేడా చూడండి ఆంటీ."

చూశాను. మళ్లీ చూశాను. "రెండూ ఒకటే!" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను ఒక రకంగా చూసింది. కొనేవాళ్లు వెళ్లేదాకా ఆగి, "ఇంట్లో ఎక్కడ పెట్టారు?" అని మెల్లగా అడిగింది. నేను గొప్పగానే చెప్పాను, మా సరుకు గది సంగతి, బండల సంగతి, తోలుసంచుల సంగతి.

"ఆంటీ, ఇది పెరుంగాయం వాసన," అంది. "కోకో వెన్న అంతే, పక్కన ఏముంటే దాని వాసన లాక్కుంటుంది. నేను ముందే చెప్పి ఉండాల్సింది."

మా అమ్మాయి ఫోన్లో ఏ మాట అనలేక పెట్టేసిందో, మా అమ్మ ఎందుకు జలుబు తెచ్చుకుందో అప్పుడు అర్థమైంది. ఇంగువ కట్టిన గుడ్డ అని సామెత. గుడ్డకు తన వాసన తనకు తెలియదన్న సంగతి ఆ సామెత చెప్పదు.

ఆ అమ్మాయి వేరే డబ్బా ఊరికే ఇస్తానంది. నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో వాసన పట్టిన సరుకుకు ఆ పిల్లెందుకు నష్టపోవాలి? ఇంకో డబ్బాకు డబ్బు కట్టి, "ఇది నేను తీసుకెళ్లను. సాయంత్రం మా అమ్మాయి వస్తుంది, దాని చేతికే ఇయ్యి," అన్నాను. అమ్మాయికి ఫోను చేసి ఆఫీసు నుంచి నేరుగా రమ్మన్నాను. మధ్యలో బంధువులింటికి వెళ్లి కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ కోపం చల్లారలేదు.

చాక్లెట్ మీద కాదు, చాక్లెట్‌కేం తెలుసు! ఈ ఊళ్లో ఇంగువ లేకుండా సాంబారు దించే ఇల్లేది? రసం పొంగు మీద చిటికెడు వెయ్యని చెయ్యేది? వడపిండిలో, పెరుగన్నం తాలింపులో, ఆవకాయలో, బిడ్డ పుడితే బాలింత మందులో, పసిబిడ్డ కడుపునొప్పికి బొడ్డు చుట్టూ రాసే పట్టులో, అన్నిట్లో కావాలి. ప్లేటులో ఉంటే ఘుమఘుమ. అదే మా చీరకు అంటుకుంటే షేర్ ఆటోలో పక్కనామె ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని అవతలికి జరుగుతుంది. మాది తిని మమ్మల్నే ఏరి పక్కన పెట్టడం కాకపోతే ఏమిటిది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. రెండో క్లాసు పిల్లకు ఆ టాఫీ వెనక్కి పడెయ్యడం ఎవరు నేర్పారు? పొద్దున దానికి ఇడ్లీలోకి సాంబారు పోసిన తల్లే నేర్పి ఉంటుంది.

సాయంత్రం మా అమ్మాయి వచ్చింది, మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. అంగడామె డబ్బా బయటికి తీసింది. అలవాటుగా నేను అందుకోబోయాను. బిడ్డకు నా చేత్తో ఇద్దామని.

"నువ్వు పట్టుకోవద్దు మా," అంది మా అమ్మాయి గొంతు తగ్గించి. "ఆమెనే ఇయ్యనీ."

నా చెయ్యి అలాగే ఉండిపోయింది. అన్నాక దాని మొహమూ మాడిపోయింది. డబ్బా తీసుకుని రొమ్ముకు ఆనించుకుని, రోడ్డు మీదికి వచ్చాక, "కోపం పెట్టుకోవద్దు మా," అంది.

"కోపం లేకుండా యాడికి పోతాది? నీ మీద కాదులే," అన్నాను. నిజానికి కొంచెం దాని మీద కూడా ఉంది.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. ఆ గొంతులో అంత సంతోషం నేను చాలా ఏళ్లుగా వినలేదు. ఒక్క ముక్క మిగల్లేదట. ఇంకోటి ఇంకోటి అని అడిగి తీసుకున్నారట. మేనేజరు ఇంటికి కూడా ఒకటి పట్టుకెళ్లాడట. ఎవరు కొన్నారంటే మా అమ్మ అని చెప్పిందట.

"నాయన ఏం చేస్తాడని అడగలేదా?" అన్నాను.

"అడిగినారు మా. స్పైసెస్ బిజినెస్ అని చెప్పినా."

స్పైసెస్. యాలకులూ ఉన్నాయి ఆ మాటలో, లవంగాలూ ఉన్నాయి. సరేలే అన్నాను. ఇంకేమంటాను? దాని డబ్బా ఖాళీ అయింది, నేను కోరుకున్నది అదే కదా. కానీ ఫోను పెట్టేశాక వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే మోగాయి.

మావారు ఆ చప్పుడు విని వచ్చారు. సంగతి చెప్పాను. వాసన పట్టిందని నేను వెనక్కి తెచ్చిన డబ్బాను ఆయన అలమారలోంచి తీసి, వేళ్ల మధ్య ఒకటి పెట్టుకుని నలిపారు. వేళ్లకు మెత్తగా అంటుకుంది. వేళ్లు నాకి, "మంచి సరుకే," అన్నారు. "ఇందులో మన వాసన యాడుండాది?"

నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. కళ్లు మూసుకుని, మచ్చు చూసినట్టే, నాలుక ముందూ వెనకా తిప్పి తిప్పి వెతికాను. మొదట చేదు వచ్చింది, తర్వాత పులుపు, తర్వాత తీపి. మా అమ్మాయికి వచ్చిన వాసన, మా అమ్మకు వచ్చిన వాసన, ఆ అంగడి పిల్లకు వచ్చిన వాసన కోసం ఇంకో ముక్క తిని కూడా వెతికాను. నాకు దొరకలేదు. నా నోట్లో చాక్లెట్ ఒక్కటే ఉంది, పెట్టిన ప్రతి రూపాయికీ తగిన చాక్లెట్.